బండి వెనుక సప్పుడు

మా మరిది సాయిచంద్ దుబాయికి పోయిన ఏడు, పత్తి మొదలయ్యే నాటికి మా ఇంటి పికప్ బండి తాళం నవ్యశ్రీ చేతికి వచ్చింది. ఆ దసరా తర్వాత మూడు నెలలు నేను ఒక్క పూట కూడా కడుపునిండా తినలేదు. తిండి లేక కాదు, కడుపుమంట వల్ల.

నవ్యశ్రీ నా తోటికోడలు. ఇరవై నాలుగేళ్లది. మొగుడు విమానం ఎక్కే ముందు రెండు నెలలపాటు రోజూ పొద్దున్నే ఊరి బయటి బీడులో ఆమెకు బండి నేర్పాడు. నా భర్త రాజంకు ఒక కంటి చూపు మందం, స్టీరింగ్ పట్టడు. మాది జైనథ్ పక్క ఊరు. ఎనిమిది ఎకరాల నల్లరేగడి, అంతా పత్తే, మధ్య మధ్య కంది సాళ్లు. మా పత్తీ, కిరాయికి ఊళ్లోవాళ్ల పత్తీ ఆదిలాబాద్ మార్కెట్‌కు చేరాలంటే ఇంట్లో ఎవరో ఒకరు నడపక తప్పదు.

మొదటి లోడు పోయే రోజు మా అత్త అనసూర్య బండికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నవ్యశ్రీ నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"పో బిడ్డా, పైలంగ పో. మా ఇంటికి మగపిల్లగాని లెక్క దొరికినవ్," అంది.

నేను వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. పన్నెండేళ్ల కింద నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఇదే అత్తతో, "మా బాపు షెడ్డుల జీపులు ముందటికి ఎనుకకు తీసేదాన్ని అత్తా" అని నోరు జారాను. మా బాపు నాగయ్యకు మందమర్రిలో రోడ్డు పక్కన రిపేరు షెడ్డు ఉండేది. మగపిల్లలు లేరు. పానాలు అందించడం దగ్గర మొదలుపెట్టి, పెళ్లినాటికి నేను గేరుబాక్సు దించగలిగేదాన్ని. ఆ మాట వినగానే అత్త చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గా షెడ్డు ముచ్చట గీ ఇంట్ల తియ్యకు. ఆడిపిల్ల నూనెల, గిరీసుల పెరిగిందంటే నలుగురు నవ్వుతరు" అంది. నేను మళ్లీ తియ్యలేదు. ఇప్పుడు అదే నోరు నవ్యశ్రీని మగపిల్లగాడితో పోలుస్తోంది.

నవ్యశ్రీ గేరు వేసింది. బండి కదిలింది. కదిలిన ఆ క్షణంలో వెనుక నుంచి 'టంగ్' మని ఒక చప్పుడు వచ్చింది. అత్త వినలేదు. పత్తి మూటలు తొక్కుతున్న మా ఆయన వినలేదు. నేను విన్నాను.

ఇంజన్ బలాన్ని వెనుక చక్రాలకు మోసుకుపోయే పొడవాటి షాఫ్ట్ ఒకటి బండి కింద తిరుగుతుంటుంది. అది వెనుక ఇరుసును కలిసే చోట రెండు చెవులున్న ఇనుప ముక్క ఉంటుంది. మా బాపు దాన్ని యోక్ అనేవాడు. ఆ చెవుల్లో పట్టు వదులైనా, చెవికి పగులు వచ్చినా బండి కదిలేటప్పుడు ఇలాగే అరుస్తుంది. చెప్పాలంటే పరుగెత్తి వెళ్లి ఒక్క మాట చెప్తే చాలు. నేను వంగి వాకిలి ఊడ్చాను.

తర్వాత రోజులన్నీ నవ్యశ్రీవే. సాయంత్రం బండి రాగానే అత్త చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురుపోయేది. మా ఆయన కాళ్లు కడుక్కుంటూనే ముచ్చట మొదలుపెట్టేవాడు.

"ఇయ్యాల చూడాలె నువ్వు. జిన్నింగు మిల్లు గేటు కాడ అటిటు జానెడు జాగ లేదు. మొగ డ్రైవర్లే అటో ఇటో తాకిస్తుండ్రు. నవ్య ఎనుకకు తీస్కపోయి ఒక్క దెబ్బకు పెట్టింది. మహారాష్ట్ర డ్రైవర్లు దిగి చూసిండ్రు!"

ఆయన ఇంతసేపు నాతో మాట్లాడి ఎన్నేళ్లయిందో లెక్క కట్టుకుంటూ నేను రొట్టెలు కాల్చేదాన్ని. ఆయన మాటల్లో నేను లేను. రోజూ ముందు సీట్లో, నవ్యశ్రీ పక్కన, ఇరవై కిలోమీటర్లు పోను, ఇరవై కిలోమీటర్లు రాను. వాళ్ల మధ్య తప్పు ఏదీ లేదని నాకు తెలుసు. ఆమె ఆయన్ని నోరారా "బావా" అంటుంది, చెల్లెలిలాగే ఉంటుంది. తప్పు ఉంటే కనీసం అరిచి గొడవ పెట్టుకునేదాన్ని. ఏమీ లేకపోవడం వల్ల ఎవరితోనూ అనలేక నాలో నేనే మండిపోయేదాన్ని.

ఆమె నాకోసం ఆదిలాబాద్ నుంచి మిర్చిబజ్జీలు తెచ్చేది. "వేడి ఆరకముందే తిను అక్కా" అని చేతిలో పెట్టేది. నేను "కడుపుల బాగలేదు" అని పక్కన పెట్టేదాన్ని. ఊళ్లో ఎవరైనా ఎదురైతే, "నవ్యశ్రీ మీ తోటికోడలే గద" అనేవాళ్లు. పన్నెండేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నదాన్ని, నిన్నగాక మొన్న వచ్చినదాని పేరుతో నన్ను గుర్తుపట్టేవాళ్లు.

ఆ చప్పుడు పెరుగుతూ వచ్చింది. దీపావళి నాటికి గేరు మార్చిన ప్రతిసారీ వినపడేది. ఒకరోజు మధ్యాహ్నం నేను బావి దగ్గర బట్టలు పిండుతుంటే నవ్యశ్రీ వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, బండి ఎనుక ఏదో సప్పుడైతుంది. బావకేమో సమజ్ అయితలేదు. మీ బాపుకు షెడ్డు ఉండె గద, నీకేమన్న ఎరుకనా?"

ఆ ఇంట్లో నన్ను మా బాపు షెడ్డు గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే: ఈమెకు ఇప్పుడు ఇది కూడా నేనే ఇవ్వాలా?

"నాకేమెరుక," అన్నాను. "నేను ఇంట్ల వంట చేసేదాన్ని. పాత బండి, గట్లనే మొత్తుకుంటది. ఫికర్ జెయ్యకు."

"గంతేనా? అయితే మంచిదే," అని నవ్వి ఆమె లేచి వెళ్లిపోయింది. నేను చేతిలోని చీరను అవసరానికి మించి పిండాను.

తొమ్మిది రోజులకు అది జరిగింది.

మా చేను వాగు దగ్గరి ఎక్కుడు రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. నేను కూలీలతో కలిసి పత్తి ఏరుతున్నాను. పెన్‌గంగ అవతలి నుంచి వచ్చిన ఆడకూలీలు ఆరుగురు ఉన్నారు. నిండు లోడుతో బండి వాగు దాటి ఎక్కుడు మొదలుపెట్టింది. సగం దూరంలో నవ్యశ్రీ గేరు తగ్గించింది. తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. ఆ వెంటనే బండి కింద ఇనుము ఇనుమును బాదుతున్న మోత. ఇంజన్ ఊరికే అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. వెనక్కి జారుతోంది.

"అగ బాయీ! గాడీ మాగే యేతే!" బండి వెనక్కి వస్తోందని కూలీలు మరాఠీలో కేకలు పెట్టి చెల్లాచెదురుగా పరుగెత్తారు.

ఏం జరిగిందో చూడకుండానే నాకు తెలిసిపోయింది. యోక్ చెవి విరిగింది. షాఫ్ట్ ఊడి, గిరగిరా తిరుగుతూ బ్రేకు పైపును తెంపేసింది. ముందు చక్రాల బ్రేకు కొంచెం పట్టినా ఆ బరువును ఆపలేదు. వెనక వాగు మీది కల్వర్టు, దానికి అటూ ఇటూ గోడ లేదు. బండి ముందు అద్దంలో రెండు ముఖాలు కనిపిస్తున్నాయి. అందులో ఒకటి నా మొగుడిది.

నవ్యశ్రీ దూకలేదు. తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ స్టీరింగ్ తిప్పింది. బండి కల్వర్టుకు పది అడుగుల ముందే రోడ్డు దిగి, మా కంది సాలులోకి వెనక్కి వెనక్కి వచ్చి, మెత్తటి రేగడిలో చక్రాలు దిగబడి ఆగింది. పత్తి సగం చేనంతా పరుచుకుంది.

నేను పరుగెత్తాను. మా ఆయన కనుబొమ్మ పగిలి రక్తం కారుతోంది. నవ్యశ్రీ పెదవి చిట్లింది. ఇద్దరూ బతికే ఉన్నారు. మా ఆయన నన్ను చూసి చెప్పిన మొదటి మాట, "నవ్య లేకుంటే వాగుల ఉందుము" అని. నేను ఆయన నుదుటికి కొంగు అదిమి పట్టుకున్నాను. ఆ రక్తం నా వేళ్ల మీదికి కారుతున్నప్పుడు కూడా, ఇప్పుడూ ఆమె పేరేనా అని నాలో ఏదో అంది. అది నేనే అన్నాను. ఇంకెవరి మీదికో తోయలేను.

మా ఆయనకు నాలుగు కుట్లు పడ్డాయి. ఆ ఒక్క రోజు ఊరంతా నవ్యశ్రీని మెచ్చుకుంది. మరునాటికి మాట తిరిగింది. పక్కింటి కనకవ్వ మా అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా అంది:

"ఆడిపిల్ల చేతికి బండిచ్చిండ్రు. క్లచ్చు దబ్బున ఇడిసి ఉంటది, ఇరిగింది. రాజం అదృష్టవంతుడు గని లేకుంటే ఏమయ్యేది?"

అత్త లోపలికి పోయి నవ్యశ్రీ దగ్గర తాళం అడిగి తీసుకుంది. సాయిచంద్ దుబాయి నుంచి ఫోన్ చేసి బండి అమ్మేయమన్నాడు. నవ్యశ్రీ ఎదురు చెప్పలేదు. దొడ్లో కూర్చుని నాతో, "నేనే క్లచ్ సక్కగ ఇడువలే కావచ్చు అక్కా. బావను సంపుదును," అంది.

నేను ఇన్నాళ్లుగా కోరుకున్నదంతా జరిగిపోయింది. తాళం ఆమె చేతిలో లేదు. పొగడ్త లేదు. ముందు సీటు లేదు. ఆ పూట నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. కంచం పక్కకు నెట్టి లేచాను.

కొనుగోలు కేంద్రంలో మా పత్తికి తేదీ శుక్రవారం. ఇంట్లో, అరుగు మీద, పరదాల కింద పత్తే. మబ్బు పట్టి ఉంది. తడి తగిలితే తేమ ఎక్కువుందని తిప్పి పంపిస్తారు. ఊళ్లో బండ్లన్నీ ఎవరి పనుల్లో వాళ్లవి. ఆదిలాబాద్ మెకానిక్‌కు ఫోన్ చేస్తే సీజను, వారం దాకా రాలేనన్నాడు. మా ఆయన తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

బుధవారం పొద్దున నేను చీర చెక్కుకుని, కంది సాలులో ఉన్న బండి కిందికి దూరాను. విరిగిన చెవిని చేత్తో తడిమి చూశాను. విరిగిన ముఖంలో సగం కొత్తగా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా, తుప్పు పట్టి ఉంది. ఆ నలుపు పాత పగులు. ఎన్నో రోజులుగా కొంచెం కొంచెంగా తెరుచుకున్న పగులు. క్లచ్ ఎలా వదిలినా అది విరిగేదే. అక్కడే పడుకుని బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, పికప్ ఎనుక యోక్ ఒక చెవి ఇరిగింది. బ్రేకు పైపు గూడ తెగింది. నీ దగ్గర పాత యోక్ ఏమన్న ఉన్నదా?"

పన్నెండేళ్ల తర్వాత బాపు నా నోట షెడ్డు మాట విన్నాడు.

"ఉన్నది బిడ్డా. ఆర్టీసీ పార్సిల్ల ఏస్త, సాయంత్రానికి ఆదిలాబాద్ల ఉంటది. ఆయిల్ సీలు, పైపు, పెద్ద పానా గూడ పెడుత. నట్టు తీసేముందు గుర్తు పెట్టుకున్నవంటే చాలు, మిగతాది నీకెరుకనే." ఆగి, మళ్లీ అడిగాడు. "అది ఇరగకముందు మస్తు సప్పుడు చేసి ఉంటది గదనే. ఎవ్వలు ఇనలేదా?"

"మల్ల చేస్త బాపూ," అని పెట్టేశాను.

పార్సిల్ రాత్రికే ఇంటికి చేరింది. గురువారం పొద్దున మా ఆయన, ఇద్దరు కూలీలు కలిసి మిగిలిన పత్తిని దించారు. చక్రాల కింద రాళ్లు పెట్టాను. అత్త చేను గట్టు మీద నిలబడి, "గిదేం పనే జమునా, ఊరోళ్లు చూస్తుండ్రు" అంది.

"చూడనీ అత్తా. పత్తి తడిస్తే గూడ చూస్తరు."

పానాలు అందించడానికి నవ్యశ్రీని కిందికి పిలిచాను. ఆమె భయపడుతూనే వచ్చి నా పక్కన వీపు ఆనించి పడుకుంది. షాఫ్ట్ పక్కకు తీశాను. యోక్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టుకూ, దాని వెనకున్న ఇనుముకూ కలిపి ఉలితో ఒక గాటు పెట్టాను.

"గదెందుకు అక్కా?"

"గీ నట్టు ఎంత బిగువుల ఉంటదో గంతే బిగువు మల్ల రావాలె. ఎక్కువైతే లోపలి బేరింగులు మాడుతయ్. తక్కువైతే వదులై లోపలి గేరు పండ్లు తింటది. గందుకే తిప్పే ముందు గుర్తు, తిప్పుకుంట సుట్ల లెక్క."

పానాకు పొడవాటి పైపు తొడిగి ఇద్దరం బలం పెట్టాం. కదల్లేదు. మళ్లీ పెట్టాం. మూడోసారికి కిర్రుమని కదిలింది. ఆమె చుట్లు లెక్కపెట్టింది, నేను విప్పాను. పాత యోక్ ఊడి నా చేతుల్లోకి వచ్చింది. దాన్ని ఆమె కళ్ల ముందు పెట్టాను.

"గిది చూడు. గీ నల్లగున్నది పాత పగులు. నీ తప్పు గాదు."

ఆమె దాన్ని వేలితో రాసి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజంగనే?" అంది.

అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆపాలనే అనుకున్నాను.

"నువ్వు మొదటి లోడు తీస్కపోయిన దినమే నాకు సప్పుడు ఇనవడ్డది. ఏందో గూడ ఎరుకైంది. బావి కాడ నువ్వడిగినప్పుడు అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"నిన్ను అందరు మెచ్చుకుంటుండ్రని."

ఆమె పక్కకు దొర్లి బయటికి వెళ్లిపోయింది. ఆమె కాళ్లు కంది చెట్ల మధ్య దూరమవడం బండి కింద నుంచి చూశాను. నేను ఒక్కదాన్నే పాత సీలు పెరికి కొత్తది కొట్టాను. కొత్త యోక్‌ను ఇరుసు కడ్డీ పండ్ల మీదికి ఎక్కించాను. నట్టు బిగించాలంటే మాత్రం రెండో మనిషి కావాలి. ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తుంటే ఆమె తిరిగి వచ్చింది. పైపు రెండో చివర పట్టుకుంది. నా ముఖం చూడకుండా అంది:

"బావ గూడ బండ్లనే ఉండె గద."

గాటుకు గాటు కలిసేదాకా ఇద్దరం తిప్పాం.

బ్రేకు పైపు మార్చి, అందులోని గాలి తీసి, ఇరుసులో తగ్గిన నూనె పోసేసరికి పొద్దు వాలింది. ట్రాక్టరుతో బండిని రోడ్డెక్కించారు. అత్త కాసేపు నన్నూ బండినీ మార్చి మార్చి చూసి, కొంగుముడి విప్పి తాళం తీసి నవ్యశ్రీకి ఇచ్చింది. నవ్యశ్రీ వెంటనే తీసుకోలేదు.

"నడుపుత గని అత్తా, అక్క నా పక్కన గూసోవాలె. బావ ఎనుకాల పత్తి మీద గూసుంటడు. రోజు గట్లనే."

"అది రోజూ పోతే ఇంట్ల పనెవ్వలు చేస్తరే?"

"అక్క రాకుంటే నేను తియ్య."

శుక్రవారం లోడుతో బయల్దేరాం. వాగు ఎక్కుడు సగంలోకి రాగానే నవ్యశ్రీ కావాలనే బండి ఆపింది. సరిగ్గా అక్కడే. నా వైపు చూసింది. వెనుక నిండు లోడు, దాని మీద మా ఆయన. నేను సీటు అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె నెమ్మదిగా క్లచ్ వదిలింది. బండి మెత్తగా కదిలి ఎక్కుడు ఎక్కేసింది.

అలా నెలన్నర. ఆదిలాబాద్ దాకా పోను, రాను, ఆమె నాతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది. 'అక్కా' అనడం మానేసింది. మిల్లు గేటు దగ్గర ఆమె బండి వెనక్కి తీయడం నేను కళ్లారా చూశాను. మా ఆయన చెప్పిందంతా నిజమే. నిజం కావడం ఇంకా బాధగా ఉండేది. ఈలోగా ఊళ్లో నా పేరూ మొదలైంది. ఎవరి ట్రాక్టరో మొరాయిస్తే, "జమునమ్మను పిలువుండ్రి" అనేవాళ్లు. అత్త కూడా, "మా పెద్దకోడలి బాపుకు పెద్ద షెడ్డు" అని కనకవ్వతో గొప్పగా చెప్పడం నా చెవిన పడింది. నవ్యశ్రీ అక్కడే ఉంది. ఒక్క మాట చాలు నన్ను కింద పడెయ్యడానికి. ఆమె చెప్పలేదు.

చివరి లోడు దించి వచ్చిన రోజు మధ్యాహ్నం అందరం తినడానికి కూర్చున్నాం. మా ఆయన కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఎర్రగా ఉంది. అన్నం కలుపుతూ ఆయన నన్ను మెచ్చుకుంటూ ఏదో అనబోయాడు. నాకు అది వినే ఓపిక లేకపోయింది.

"గా యోక్ ఇరుగుతదని నాకు ముందుగాలనే ఎరుక," అన్నాను. అంతా చెప్పాను. చప్పుడు, బావి దగ్గరి అబద్ధం, కారణం, అన్నీ.

మా ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అత్త లేచి తలుపు దగ్గరికి వేసి, "గీ మాట గడప దాటొద్దు" అంది. నవ్యశ్రీ ఒక్కతే తల వంచుకుని కంచం ఖాళీ చేసింది.

గిన్నెలు తోమేటప్పుడు అడిగాను. "నువ్వెందుకు చెప్పలే ఎవ్వలకు?"

"నేను చెప్తే నలుగురు నిన్ను తిట్టిపోతుండ్రి, గంతటితోని అయిపోతుండె," అంది. "గంత అల్కగ ఎందుకు ఇడిసిపెట్టాలె?"

తోమిన గిన్నె నా చేతికి అందించింది. నేను కడిగి బోర్లించాను.

మా ఆయన నాతో మాట్లాడటానికి ఇరవై రోజులు పట్టింది. ఇప్పటికీ కొన్నిసార్లు మాట మధ్యలో ఆగి, నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తాడు.

ఈ ఏడు మళ్లీ పత్తి వచ్చింది. నడిపేది నవ్యశ్రీయే. మార్కెట్లో ఆమెను చూసి డ్రైవర్లు పక్కకు జరిగి దారి ఇస్తుంటే నా లోపల ఇప్పటికీ చురుక్కుమంటుంది. పోయిందని చెప్పను. రోజూ పొద్దున లోడు అయ్యాక ఆమె ఇంజన్ ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి అడుగుతుంది.

"చూసినవా?"

నేను బండి కిందికి దూరి, ప్రతి బోల్టూ చేత్తో పట్టి చూసి బయటికి వస్తాను.

"చూసిన. పోదాం."